కిడ్నీలో నీటి బుడగ: భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట

గ్యాస్ నొప్పికని తిరుపతిలో కడుపు స్కానింగ్ తీయించుకుంటారు, రిపోర్టు కింద ‘సింపుల్ కార్టికల్ సిస్ట్, ఎడమ కిడ్నీ’ అని, అంటే ఎడమ కిడ్నీలో నీటి బుడగ ఉందని, ఒక లైను కనిపిస్తుంది, ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఒకరు కషాయం చెబుతారు, ఇంకొకరు రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రికి పొమ్మంటారు.

50 దాటినవాళ్లలో ఇలాంటి బుడగలు మామూలే. పల్చటి పొర, లోపల నీళ్లు, అంతే. కరిగించే మందు లేదు, అవసరమూ లేదు. మరీ పెద్దదై నొప్పి పెడితేనో, చీము పడితేనో తప్ప డాక్టర్లు దాని జోలికి పోరు. సైజు కన్నా లోపల అడ్డుగోడలు, గట్టి ముక్కలు ఉన్నాయా అన్నది ముఖ్యం. బోస్నియాక్ అనే రేడియాలజిస్టు 1986లో పెట్టిన గ్రేడ్లు దీనికే: ఒకటి, రెండు అయితే నిశ్చింత, మూడులో దాదాపు సగం క్యాన్సర్‌గా తేలతాయి, నాలుగులో చాలావరకు అంతే.

ఒంటి బుడగకి ఇంత టెన్షన్ పడే మనమే, రెండు కిడ్నీల్లోనూ గుత్తులుగా పెరిగే పాలిసిస్టిక్ జబ్బు దగ్గర మాత్రం గుట్టుగా ఉండిపోతాం. ఇది వంశంలో వస్తుంది. అమ్మకో నాన్నకో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం. చిన్న వయసులోనే బీపీ మొదలవుతుంది, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ మాత్రం ఏళ్ల తరబడి నార్మల్‌గానే వస్తుంది, ఎందుకంటే మిగిలిన వడపోత గొట్టాలు పాడైనవాటి పని కూడా నెత్తిన వేసుకుంటాయి. ఆ నార్మల్ చూసి హమ్మయ్య అనుకుని బీపీ మాత్ర మానేసేవాళ్లున్నారు, నడుం నొప్పికి మెడికల్ షాపులో అడిగి పెయిన్‌కిల్లర్ మింగేవాళ్లున్నారు. రెండూ కిడ్నీకి చేటే. ఈ జబ్బున్నవాళ్లలో సుమారు సగం మందికి 60 ఏళ్లకల్లా కిడ్నీలు పూర్తిగా దెబ్బతింటాయి. బీపీని అదుపులో పెట్టి, ఉప్పు తగ్గిస్తే ఆ రోజును వెనక్కి నెట్టొచ్చు. జబ్బు వేగంగా ముదిరే కొందరికి టోల్వాప్టాన్ అనే మందూ ఉంది, ఖరీదెక్కువ.

దాచడం ఎందుకంటే పెళ్లి సంబంధాలు. అమ్మాయి ఉన్న ఇంట్లో ఈ మాట గడప దాటనివ్వరు, అది అర్థమవుతుంది కూడా. కానీ తీరా డయాలసిస్ దాకా వచ్చాక కిడ్నీ ఇవ్వడానికి ముందుకొచ్చేది తోడబుట్టినవాళ్లే, వాళ్లకు అప్పుడే మొదటిసారి స్కానింగ్ తీస్తారు, వాళ్లలో కొందరి రిపోర్టుల్లోనూ అవే గుత్తులు బయటపడతాయి.