గడ్డి పచ్చగా ఉంటే సరిపోదు, పొదలు రావాలి

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో బొగ్గు తవ్వి పూడ్చిన నేల మీద గడ్డి ఏపుగా వచ్చింది కాబట్టి జంతువులు కూడా తిరిగొస్తాయని ఒక వ్యాసంలో రాశారు. అసలు చిక్కంతా ఆ గడ్డితోనే. అక్కడి సేజ్‌గ్రౌస్ పక్షి చలికాలమంతా దాదాపు సేజ్‌బ్రష్ అనే పొద ఆకు తినే బతుకుతుంది, గడ్డితో దానికి కడుపు నిండదు.

సేజ్‌బ్రష్ విత్తనం ఇసుక రేణువంత ఉంటుంది, గ్రాముకు 4 వేల దాకా లెక్కకొస్తాయి. 3 మిల్లీమీటర్ల కన్నా లోతుకు పోతే మొలక పైకి రావడం కష్టం. అందుకే గడ్డి విత్తనంతో కలిపి డ్రిల్లులో (విత్తనాన్ని నేలలోకి దింపే యంత్రంలో) పోయకూడదు. శరదృతువు చివర్లోనో, మంచు మీదనో పైపైన చల్లి, నేల గట్టిపడి లేకపోతే రోలర్‌తో అదిమితే చాలు. పక్కన గడ్డి దట్టంగా ఉంటే వేసవికి ముందే తేమంతా అదే లాగేసుకుంటుంది, వేలెడు మొలక మోడువారిపోతుంది. గడ్డి మోతాదు తగ్గించండి, లేదంటే పొదలకు విడిగా నేల పట్టీలు వదలండి.

విత్తనం కొనేటప్పుడు బస్తా బరువు చూసి మోసపోవద్దు. అందులో పొట్టు, పుల్లలే ఎక్కువ. మొలకెత్తే శుద్ధ విత్తనం ఎంతో పరీక్ష చేయించి, దాని మీదే లెక్క వేయాలి. వెచ్చగా, చెమ్మగా నిల్వ ఉంచితే త్వరగా చచ్చిపోతుంది.

పైమట్టిని ఏళ్ల తరబడి గుట్టపోయకుండా తవ్విన వెంటనే పరిస్తే, అందులోని, వేళ్లకు తోడ్పడే శిలీంధ్రాలు, స్థానిక విత్తనాలు బతికి ఉంటాయి. డంపర్లు తొక్కిన చోట గట్టిపడిన నేలను ముందుగా రిప్పర్ అనే లోతు నాగలితో చీల్చాల్సిందే. మొదటి కొన్నేళ్లు జింకలు, కుందేళ్లు కొరకకుండా కంచె కూడా కావాలి.