ఊరి సంగతి మీకెందుకు అంటున్న ఆ మెసేజ్‌కు నా జవాబు

"యువతా, ఊరి రాజకీయాలకు దూరంగా ఉండండి, కెరీర్ చూసుకోండి" అని ఐదు పాయింట్ల మెసేజ్ ఒకటి ఈ వారంలో నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. పంపినవాళ్లలో నాతో డిగ్రీ చదివినవాళ్లున్నారు, మా బాబాయి కూడా ఉన్నారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

"ఒక్క ఓటుతో ఏమీ మారదు." 2025 డిసెంబర్‌లో తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో ఒక్క ఓటు తేడాతో గెలిచిన సర్పంచులున్నారు. ఓడినవాళ్లను అడగండి.

"పోటీకి లక్షలు కావాలి." వార్డు మెంబర్‌గా నిలబడటానికి డిపాజిట్ 500 రూపాయలు, రిజర్వేషన్ వర్గాలకు 250. లక్షలయ్యేది మందుకీ నోట్లకీ. అవి పంచుతున్నారన్నది నిజం, నేను కాదనను. కానీ వార్డంటే మనకు ప్రతి గడపా తెలిసిన రెండు మూడు వీధులు, 21 ఏళ్లు నిండితే చాలు.

"పంచాయతీకి డబ్బూ లేదు, పవరూ లేదు." తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చే ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి, చెత్త ట్రాక్టర్‌కు డీజిల్ పోయించడానికి పంచాయతీ కార్యదర్శులు సొంత డబ్బు పెట్టుకున్నారు. పంచాయతీకి డబ్బే రాకపోతే ఆగడానికేముంది? ఆ నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాల్సి ఉండేది. అంటే మన ఇంటి ముందు మోరీ, మన నల్లా.

ఇక నాకు కోపం తెప్పించింది నాలుగోది: "గ్రామసభల్లో ప్రశ్నిస్తే కేసులవుతాయి, ఉద్యోగం రాదు, వీసా రాదు." ఎక్కడైంది? వీధిదీపం గురించి అడిగినందుకు పాస్‌పోర్ట్ ఆగిపోయిన కుర్రాడు ఏ ఊళ్లో ఉన్నాడు, ఒక్క ఊరి పేరు చెప్పండి. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే, అడగటం వాళ్ల పని. పద్దెనిమిదేళ్ల పిల్లల మనసులో ఈ భయం పెట్టి, రేపు వాళ్లే పాతికేళ్లకు "మనకెందుకులే" అంటే ఈ తరానికి బాధ్యత లేదని తిట్టేదీ మనమే కదా! అడిగినవాళ్ల ఇంటిమీద కక్ష పెట్టుకునేవాళ్లు ఊళ్లలో ఉన్నారు, ఒప్పుకుంటాను. అందుకే ఒక్కరు కాదు, పదిమంది కలిసి వెళ్లమంటాను.

ఐదోది "గ్రామసభ ఉత్త తంతు." ఇది మాత్రం చాలా వరకు నిజమే. మా ఊళ్లో ముందే రిజిస్టర్ సంతకాలకు తిరిగేది, తీర్మానం రాయాల్సిన పేజీ ఖాళీగా ఉండేది. 2022లో బడి వరండాలో సభ జరుగుతుంటే డిగ్రీ చదివే ఒకమ్మాయి పెన్ను తీసుకుని కూడా సంతకం పెట్టలేదు. "ముందు చదివి వినిపించండి సార్, తర్వాత పెడతాను" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చదివారు. కొత్త ఎల్‌ఈడీ దీపాలు 40 బిగించినట్టు అందులో ఉంది. ఆ సాయంత్రమే ఆమె, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు స్తంభం స్తంభానికీ ఫోన్‌లో ఫొటో తీసుకుంటూ లెక్కపెడితే 26 తేలాయి. మిగతా 14 నెల తిరక్కుండా వెలిగాయి. ఎవరిమీదా కేసు కాలేదు, ఆ అమ్మాయి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది.

తంతుగా మారింది కాబట్టి వెళ్లొద్దంటారా? ఊరి ఖర్చులు పంచాయతీల లెక్కలుండే ఈ-గ్రామ్‌స్వరాజ్ ప్రభుత్వ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, గ్రామ స్థాయిలో సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు కూడా లేదు. తెలంగాణ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. జరగకపోతే ఎందుకు జరగలేదని అడగండి.

బాబాయ్, ఈ మెసేజ్ మీరు చెల్లికి కూడా పంపారట. దానికి మొన్న పద్దెనిమిది నిండాయి. ఓటు నమోదుకు ఇప్పుడు జనవరి దాకా ఆగక్కర్లేదు, పద్దెనిమిది నిండాయా అని చూసే అర్హత తేదీలు ఏడాదికి నాలుగున్నాయి. ఆదివారం ఇంటికొస్తాను, ఫారం 6 నేనే దగ్గరుండి నింపిస్తాను.