ప్రజాభిప్రాయ సేకరణ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ప్రజాభిప్రాయ సేకరణ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. మీకేం లెండి, క్షేమంగానే ఉంటారు. తిండి గురించి ప్రపంచంలో ఏ మూల సభ జరిగినా ముందు వరుసలో మీ కుర్చీ సిద్ధం. దాని మీద తెల్ల తువ్వాలు, ఎదురుగా నీళ్ల సీసా. ‘విస్తృత సంప్రదింపుల అనంతరం’ అన్న ముక్క మొదటి పేరాలో పడనిదే ఏ తీర్మానమూ గడప దాటదు. పెళ్లికి పురోహితుడు ఎలాగో ఇలాంటి సభలకి మీరు అలాగ. సంబంధం కుదిర్చేది వేరేవాళ్లు, కట్నం మాట్లాడుకునేది ఇంకొకళ్లు. అన్నీ అయ్యాక మీరొచ్చి మంత్రం చదువుతారు.

2021లో మీ వైభవం చూసి తీరాల్సిందే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవస్థల సదస్సు పెట్టింది. జులై 26 నుంచి 28 దాకా రోమ్‌లో ముందస్తు సదస్సు, సెప్టెంబరు 23న న్యూయార్క్ పేరు మీద అసలుది. కరోనా రోజులు కాబట్టి చాలావరకు తెరల మీదే నడిచింది. ఐదు ‘యాక్షన్ ట్రాక్’లని చర్చా విభాగాలు, దేశదేశాన మీ పేరిట సంవాదాలు. ఆకలితో పడుకునేవాళ్లు తప్ప అందరూ లాగిన్ అయ్యారు.

అప్పుడే ఒక చిన్న అపశ్రుతి కూడా దొర్లింది. రోమ్‌లోనే, 1974 నుంచి, ప్రపంచ ఆహార భద్రతా కమిటీ అని ఒకటుంది. 2007-08లో తిండిగింజల ధరలు మండిపోయి చాలా దేశాల్లో జనం రోడ్డెక్కాక, 2009లో దాన్ని సంస్కరించి చిన్నరైతులకీ జాలర్లకీ పశువుల కాపర్లకీ ఆదివాసులకీ మాట్లాడే చోటిచ్చారు. ఓటు లేదు గానీ మాట ఉంది. తీరా వాళ్లు పీట వేసుకుని కూర్చున్నాక మీవాళ్లు విందుని పక్క మేడకి మార్చేశారు. 2019లోనే ఐరాసకి దావోస్‌లో చేరే కంపెనీ పెద్దల ప్రపంచ ఆర్థిక వేదికతో ఒప్పందం కుదిరింది. సదస్సుకి ప్రత్యేక దూతగా ‘ఆగ్రా’ అధ్యక్షురాలు ఆగ్నెస్ కలిబాటా వచ్చారు. మన తాజ్‌మహల్ ఆగ్రా కాదు, రాక్‌ఫెలర్, గేట్స్ ఫౌండేషన్లు ఆఫ్రికాలో హరిత విప్లవం కోసం 2006లో పెట్టిన కూటమి. ఆవిడ మంచిచెడ్డలతో నాకు పేచీ లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మనవాళ్లంటారు, ఆ కడబంతివాళ్లు వడ్డించే చెయ్యి ఎవరిదో చూసుకున్నారు, అంతే. కమిటీలోని పౌరసమాజ, ఆదివాసీ బృందాలు విస్తరి ముందు నుంచి లేచిపోయి అదే జులైలో పోటీ సభ పెట్టుకున్నాయి. అడగాల్సినవాళ్లు లేచి వెళ్లిపోయినా అడగడం ఆగకపోవడం మీ తపోమహిమ.

ఆ తర్వాత 2023లో మళ్లీ రోమ్‌లో, 2025లో అడిస్ అబాబాలో పురోగతి సమీక్షలు జరిపించారు. పెళ్లి చేయించిన పంతులు గారే రెండేళ్లకోసారి ఆబ్దికం కూడా పెట్టిస్తున్నారన్నమాట.

మా హైదరాబాదుకీ దయచేశారు. 2023 జూన్ 15 నుంచి 17 దాకా జీ20 వ్యవసాయ మంత్రుల సమావేశం. ఆహార భద్రత, పోషణ మీద ఏడు ‘దక్కన్ ఉన్నత స్థాయి సూత్రాలు’ వెలువడ్డాయి. చదివాను. ఒక్కదాన్నీ కాదనలేం. పోషకాహారం అందాలి, సాగు వాతావరణాన్ని తట్టుకోవాలి, డిజిటలీకరణ జరగాలి, బాధ్యతగల పెట్టుబడులు రావాలి. వద్దనే మనిషి భూమ్మీద ఉండడు. కాదనడానికి వీల్లేకుండా రాయడం కూడా ఒక విద్యే, అది మీ దగ్గరే నేర్చుకోవాలి.

అదే ఏడాది అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం. మన దేశమే ప్రతిపాదించింది, 70కి పైగా దేశాలు బలపరిచాయి. చిరుధాన్యాల మీద పరిశోధనకి ‘మహర్షి’ అని పేరు పెట్టారు. మంచి పేరు. మహర్షులు కందమూలాలతో సరిపెట్టుకుంటారు, మద్దతు ధర అడగరు. 2025-26 ఖరీఫ్ లెక్కలో క్వింటాలు వరికి 2,369 రూపాయలు, జొన్నకి 3,699, రాగికి 4,886. కాగితం మీద జొన్నే జమీందారు. కొనుగోలు కేంద్రం ముందు మాత్రం బారులు తీరేవి వడ్ల బస్తాలు, రేషన్ దుకాణంలో దిగేది బియ్యం. కొర్ర, సామ, అరిక, ఊద, వరిగ అయితే కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలోనే లేవు. ఏడాది పొడుగునా ఊరేగించారు గానీ ధర కట్టడం మరిచిపోయారు. ఆ రోజుల్లో ఒక సభలో టీ విరామానికి రాగి బిస్కెట్లు పెట్టారు. విరిచి చూస్తే లోపలంతా మైదా, పైన రాగిపిండి అద్దారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీకు ఒక పాత చుట్టాన్ని గుర్తు చేద్దామని. మీరు ఆ పేరెత్తరు. ఆ సభ జరిగిన హైదరాబాదు నుంచి ముంబయి రోడ్డు పట్టుకుని ఓ వంద కిలోమీటర్లు పోతే జహీరాబాద్ వస్తుంది. దాని పక్కన అల్గోల్ అనే ఊరు. 2001 జూన్ ఆఖరి వారంలో అక్కడ ‘ప్రజాతీర్పు’ అని ఒకటి జరిగింది.

అప్పటికి రెండేళ్ల కిందటే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మెకిన్సే అనే సలహాల కంపెనీ సాయంతో విజన్ 2020 అని అభివృద్ధి ప్రణాళిక రాయించుకుంది. భూమి మీద బతికేవాళ్లని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని అందులో ఉంది. బ్రిటన్ ప్రభుత్వం డీఎఫ్ఐడీ అనే తన సాయం శాఖ ద్వారా ఆ రాష్ట్రానికి డబ్బిస్తోంది. అంటే అంతర్జాతీయ సహకారం దండిగా ఉంది. ఇక మిగిలింది మీరే.

వచ్చారు, కానీ ఎప్పుడూ వచ్చే వేషంలో కాదు. 19 మంది జ్యూరీ. మూడింట రెండొంతులకి పైగా సన్న, చిన్నకారు రైతులు. అలాగే మూడింట రెండొంతులకి పైగా ఆడవాళ్లు. మూడు రకాల భవిష్యత్తుల్ని వీడియోలు తీసి చూపించారు. ఒకటి విజన్ 2020, రెండోది ఎగుమతుల కోసం సేంద్రియ సాగు, మూడోది ఊరి తిండి ఊరి చుట్టూనే పండే పద్ధతి. ఏదీ నచ్చకపోతే మీరే ఒకటి అల్లుకోండి అన్నారు. అధికారులు, శాస్త్రవేత్తలు, విత్తన కంపెనీ మనుషులు సాక్షులుగా వచ్చి ఆ ఆడవాళ్ల ముందు కూర్చుని జవాబులు చెప్పారు. సుప్రీంకోర్టులో పనిచేసి రిటైరైన న్యాయమూర్తి ఒకరు పర్యవేక్షణ బృందంలో ఉన్నారు. ఒక్కసారి ఆలోచించండి, మీ జీవితంలో ఇంకెక్కడైనా ప్రశ్న కింద నుంచి పైకి పోయిందా?

వాళ్లెవరనుకున్నారు? ఆ ఎర్ర నేలల్లో ఒకే చెక్కలో జొన్న, కంది, కొర్ర, పెసర, అనుములు కలిపి చల్లేవాళ్లు. వాన ముఖం చాటేస్తే ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుందని తెలిసినవాళ్లు. పేడతో అలికిన బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి విత్తనం దాచుకునేవాళ్లు. చేలో ఎవరూ వెయ్యకుండా మొలిచే తుమ్మికూర, గునుగు ఏరుకొచ్చి వండుకునేవాళ్లు. కలుపు మందు కొడితే ముందు చచ్చేది తమ కూరేనని వాళ్లకి ఏ నివేదికా చెప్పనక్కర్లేదు.

తీర్పు ఇచ్చారు. తిండి మీద, భూమి మీద అదుపు ఊళ్ల చేతుల్లోనే ఉండాలి. నేల ఆరోగ్యం, రకరకాల పంటలు, చెట్లు, పశువులు కావాలి. 70ని 40 చెయ్యడం వద్దు, కాంట్రాక్టు సేద్యం వద్దు, కూలీల పని లాక్కునే యంత్రాలు వద్దు, బీటీ పత్తి సహా జన్యుమార్పిడి పంటలు వద్దు.

ఇంత స్పష్టంగా ఎవరైనా జవాబు చెబితే ఏం చేస్తారు? అడిగిన తీరులో తప్పు వెతుకుతారు. 2002లో లండన్, ససెక్స్ పరిశోధనా సంస్థల పేరిట నివేదిక అచ్చయింది. డీఎఫ్ఐడీ వాళ్లు పద్ధతి సరిగా లేదని అభ్యంతరం చెప్పారు. ఆ 19 మంది అందరికీ ప్రతినిధులా అని చర్చ. మెకిన్సే ఏ ఊరి రైతుకి ప్రతినిధి అన్న ప్రశ్న పద్ధతి కిందకి రాదు కాబోలు. మరోపక్క 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి వచ్చేసింది.

మిమ్మల్ని మరీ ఆడిపోసుకోకూడదు. ఒకసారి మీరు నిజంగానే పనిచేశారు. 2009 అక్టోబరులో బీటీ వంకాయకి నియంత్రణ కమిటీ పచ్చజెండా ఊపితే, పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో మిమ్మల్ని కూర్చోబెట్టారు. దాదాపు 8 వేల మంది వచ్చారు. అరుపులు, నినాదాలు, తోపులాటలు. 2010 ఫిబ్రవరి 9న అనుమతి ఆపేశారు. ఆపడం ఒప్పో తప్పో శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు, నా ఉత్తరం దాని గురించి కాదు. అడిగారు, విన్నారు, ఆగారు. ఆ హాళ్ల గొడవ చూసి జడుసుకున్నారో ఏమో, ఆ తర్వాత మిమ్మల్ని అంత పెద్ద ఎత్తున అలా తిప్పిన గుర్తు నాకైతే లేదు.

మీ తమ్ముడు పబ్లిక్ హియరింగ్ గారిని అడిగానని చెప్పండి. శామియానా కింద కలెక్టరు గారి పక్కన కూర్చుంటారే, ఆయనే. ఆయన జాతకం 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్‌లో ఉంది. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టరో ఆయన ప్రతినిధో అధ్యక్షత వహించాలి, సభ మొదలెట్టడానికి కోరం అక్కర్లేదు. జనం రాకపోయినా ప్రజల సభ జరుగుతుంది! ఆ జహీరాబాద్ పక్కనే, న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల పైచిలుకు ఎకరాల్లో పారిశ్రామిక వాడ వస్తోంది. చిరుధాన్యాల పుట్టినిల్లని సభల్లో చెప్పుకునే నేల అదే.

కోడిని అడిగి కారం నూరుతారా అంటారు. ఆ సామెత చెల్లిపోయిందండీ, మీ పుణ్యమా అని ఇప్పుడు అడుగుతున్నారు. పచ్చిమిరపా ఎండుమిరపా, వెల్లుల్లి ఎంత వెయ్యాలి, అన్నీ అడుగుతున్నారు. కొయ్యాలా వద్దా అన్నది మాత్రం ఎజెండాలో లేదు.

ఒక విన్నపం. సంక్రాంతి తర్వాత జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర తిరుగుతుంది. వీలైతే రండి. ప్రశ్నల కాగితం తేవద్దు, వాళ్ల దగ్గర ఉన్నాయి. జవాబులు మీరు తెచ్చుకోండి.

ఇట్లు,
మీ స్టేక్‌హోల్డర్లలో ‘ఇతరులు’ అన్న గడిలో టిక్కు పెట్టబడిన ఒకడు

తా.క.: మొన్న మీ ఫారం ఒకటి నింపాను. పేరు, హోదా, సంస్థ, ఈమెయిల్, భవిష్యత్తులో ఇలాంటి కార్యక్రమాల సమాచారం కావాలా అని ఒక గడి. కావాలని పెట్టాను. రోజుకో ఆహ్వానం వస్తోంది. నేను రాసిన సూచన ఏమైందో చెప్పే గడి ఎక్కడుందో, కాస్త ఆ పేజీ నంబరు పంపించగలరు.