1,700 మాటలు షేక్‌స్పియర్ పుట్టించాడా?

షేక్‌స్పియర్ ఒక్కడే ఇంగ్లీషులో 1,700 కొత్త మాటలు పుట్టించాడట. ఇవాళ వాడుకలో ఉన్న నుడికారంలో చాలా భాగం ఆయన సొంతమట. పదసంపదలో ఆయనకు సాటే లేరట. వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్న పోస్టు ఇది. తిప్పి చూస్తే మూడూ నిలవవు.

ముందు ఆ అంకె సంగతి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ప్రతి మాటకూ దొరికినంతలో అతి పాత ప్రయోగాన్ని చూపిస్తుంది. 19వ శతాబ్దంలో వలంటీర్లు పాత పుస్తకాలు చదివి, వాక్యాలను చీటీల మీద రాసి పంపేవారు. షేక్‌స్పియర్‌ను శ్రద్ధగా చదివినట్టు ఆ కాలపు కరపత్రాల్నీ, వైద్య గ్రంథాల్నీ ఎవరు చదువుతారు? అందుకే చాలా మాటలకు మొదటి చీటీ ఆయన పేరున పడింది. ఆనాటి పుస్తకాలు డిజిటల్ రూపంలోకి వచ్చాక అంతకన్నా పాత ప్రయోగాలు బయటపడుతున్నాయి. ఆయన ఖాతా తరుగుతోంది. అయినా పెన్నీ ఇచ్చి, ఆయన నాటకాలు ఆడే గ్లోబ్ థియేటర్‌లో నిలబడి చూసే జనం మీద ఎన్నడూ వినని మాటలు అన్నేసి గుప్పిస్తే నాటకం ఆడుతుందా?

ఇక నుడికారం. ‘డెడ్ యాజ్ ఎ డోర్‌నెయిల్’ (బొత్తిగా చచ్చిపడిన) అన్నది 14వ శతాబ్దపు కవిత్వంలోనే ఉంది. మెరిసేదంతా బంగారం కాదన్న మాట ఇంగ్లీషు కవి చాసర్ దాదాపు 200 ఏళ్ల ముందే చెప్పాడు. ‘ఇట్స్ గ్రీక్ టు మి’ (నాకేమీ అర్థం కాలేదు) కూడా అంతే. గ్రీకు రాని మధ్యయుగపు లేఖకులు ‘ఇది గ్రీకు, చదవలేం’ అని లాటిన్‌లో అనేవారు. ఆయన నాటకం ‘జూలియస్ సీజర్’లో తమాషా ఏమిటంటే, అక్కడ రోమన్ వక్త సిసిరో నిజంగానే గ్రీకులో మాట్లాడాడు. అర్థమైనవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు, నాకు మాత్రం అది గ్రీకే అంటాడు కాస్కా అనే పాత్ర. పాత మాటను సరిగ్గా సరిపోయే చోట వాడి నవ్వించడం, అదీ ఆయన పనితనం.

సొంతవి లేవని కాదు. ‘మాక్‌బెత్’ నాటకంలో తన భార్యాబిడ్డలందర్నీ చంపేశారని విన్న మాక్‌డఫ్, నా కోడిపిల్లల్నీ వాటి తల్లినీ గద్ద ఒక్కసారే తన్నుకుపోయిందా అని గుండె పగిలేలా అడుగుతాడు. ‘వన్ ఫెల్ స్వూప్’ (ఒక్క దెబ్బకు) అక్కడిది. ఇప్పుడు ఆఫీసులో పది ఫైళ్లు ఒకేసారి క్లియర్ చేసినా అదే అనేస్తున్నారు, పాపం మాక్‌డఫ్!

పదసంపద మాటకొస్తే, హ్యూ క్రెయిగ్ అనే పరిశోధకుడు 2011లో ఆయన నాటకాల్ని సమకాలికుల నాటకాలతో పోల్చి చూశాడు. ఒక్కో నాటకంలో వాడిన వేర్వేరు మాటల లెక్కలో ఆయన మిగతావారికి దగ్గర్లోనే ఉన్నాడు. మొత్తం పెద్దదిగా కనిపించేది ఆయన నాటకాలు ఎక్కువగా మిగిలినందుకు. ఆయన పోయిన ఏడేళ్లకు, 1623లో, తోటి నటులు 36 నాటకాల్ని ఒకే సంపుటంగా తెచ్చారు. అందులో సగం అంతకుముందు అచ్చే కాలేదు. ‘మాక్‌బెత్’, ‘జూలియస్ సీజర్’ ఆ సగంలోవే.