విహారయాత్రికుడికీ ఎనిమిది గంటల పనిదినం కావాలి

శ్రామికుల కష్టాల గురించి పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. గనిలోకి దిగేవాడి గురించి రాశారు, మగ్గం ముందు కూర్చునేవాడి గురించి రాశారు. కానీ మెడలో కెమెరా, వీపున సంచి, అరికాలిలో బొబ్బతో పొద్దున ఆరు మొదలు రాత్రి పది దాకా ఊరు కాని ఊళ్లో మెట్లెక్కి దిగే ఒక అభాగ్యుడి గురించి మాత్రం ఎవరూ పెదవి విప్పలేదు. అతడే విహారయాత్రికుడు. అతడికి జీతం లేదు, భత్యం లేదు. పైపెచ్చు ఎదురు డబ్బిచ్చి మరీ వెట్టిచాకిరీ చేస్తాడు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసుకున్న మొట్టమొదటి ఒడంబడిక పని గంటల గురించే. పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదన్నారు. 1936లో జీతంతో కూడిన సెలవు మీద మరో ఒడంబడిక వచ్చింది. ఏడాది పాటు పనిచేసినవాడికి కనీసం 6 పనిదినాలు సెలవివ్వాలన్నారు. 1970 నాటికి దాన్ని 3 వారాలు చేశారు. పెద్దల మనసు పెద్దదే, కాదనను. కానీ ఒక్క సంగతి మరిచిపోయారు. ఆ సెలవు రోజుల్లో మనిషి చేత ఎన్ని గంటలు పని చేయించవచ్చో ఎక్కడా రాయలేదు.

ఆ లొసుగులోంచి దూరింది మా అక్కయ్య.

అక్కయ్య ముప్ఫై ఏళ్లు ఆడిట్‌లో పనిచేసి రిటైరయింది. రిటైరయింది ఉద్యోగం నుంచే కానీ ఆడిట్ నుంచి కాదు. అందరం కలిసి ఎక్కడికైనా వెళ్లి నాలుగు రోజులు హాయిగా ఉండి వద్దామన్న మాట మొదట అన్నది నేనే, అంటే నేరం నాదే. ఏ ఊరన్న చర్చ వచ్చినప్పుడు అక్కయ్య ఒక నగరం పేరు చెప్పి, "అది తమ్ముడికి బాగా తెలిసిన ఊరు. ఆఫీసు పని మీద మూడుసార్లు వెళ్లాడు. దారులన్నీ వాడే చూపిస్తాడు" అంది. నేను గతుక్కుమన్నాను.

ఎందుకంటే ఆ మహానగరంలో నాకు తెలిసినవి మూడే మూడు: విమానాశ్రయం, హోటలు, సమావేశపు హాలు. మూడుసార్లు వెళ్లినా అదే దారి, అదే వరస. నా గది కిటికీలోంచి కనిపించేది పక్క భవనం గోడకు తగిలించిన ఏసీల వీపులు. ఆ ఊళ్లో నది ఉందన్న విషయం నాకు అక్కయ్య పంపిన పట్టిక ద్వారానే తెలిసింది.

ఆ పట్టిక గురించి చెప్పాలి. కంప్యూటర్‌లో గడులు గీసి, రంగులు వేసి, ఒక్కొక్కరికీ విడివిడిగా పంపింది. ఉదయం 6.10 నిద్ర లేవడం. 6.20 నుంచి స్నానాలు, మనిషికి 7 నిమిషాలు. 6.55 ఫలహారం. 7.30 కోట. 9.45 మ్యూజియం. 11.20 రెండో మ్యూజియం. ఇలా రాత్రి 9.40 దాకా పోయి, ఆ చివర దీపాల వెలుగులో వంతెన. నేను భూతద్దం పెట్టినంత పనిచేసి వెతగ్గా, మధ్యాహ్నం 2.40 దగ్గర ఒక గడి దొరికింది. అందులో "విశ్రాంతి, 15 నిమిషాలు (వీలైతే)" అని రాసి ఉంది.

"అక్కయ్యా, ఆ రెండో మ్యూజియం వదిలేద్దామా?"

"టికెట్లు కొనేశాం కదరా."

"ఆ డబ్బు ఎలాగూ తిరిగి రాదు. కాళ్లయినా మిగులుతాయి."

"మళ్లీ ఎప్పుడొస్తాం?"

ఈ రెండు మాటలకు జవాబు చెప్పగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. ఈ ప్రశ్న పుట్టి మాత్రం చాలా కాలమైంది. 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన ప్రచురణకర్త కార్ల్ బేడెకర్ తన గైడు పుస్తకాల్లో తప్పక చూడవలసినవాటికి నక్షత్రం గుర్తు పెట్టడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఊళ్లో చూడదగ్గవి, చూడకపోయినా కొంపమునగనివి కలిసిమెలిసి ఉండేవి. నక్షత్రం వచ్చాక, చూడకుండా వచ్చినవాడు దొంగలా తలదించుకోవలసిన పరిస్థితి వచ్చింది.

రెండో మ్యూజియంలో నాకు అన్నిటికంటే నచ్చిన వస్తువు ఒక బల్ల. మూడో గదిలో, గోడంత పెద్ద యుద్ధ చిత్రానికి ఎదురుగా, వీపు ఆనించుకోను వీల్లేకుండా వేశారు దాన్ని. అయినా కూర్చున్నాను. అప్పటికే అక్కడ బావగారు ఉన్నారు. ఆయన ఏ మ్యూజియంలోనైనా ముందు బల్లను కనిపెట్టి, ఆ తర్వాతే కళను పట్టించుకునే మనిషి. మరో అయిదుగురు ముక్కూమొహం తెలియనివాళ్లు మా పక్కన చేరారు. లేస్తే మళ్లీ చోటు దొరకదన్న భయంతో ఏడుగురం రెప్ప వాల్చకుండా ఆ చిత్రాన్నే చూస్తూ ఉండిపోయాం. మా తదేక దృష్టి చూసి, అందులో ఏదో విశేషం ఉండే ఉంటుందని వెనకాల జనం పోగయ్యారు. ఒకావిడ మమ్మల్ని చూపించి పిల్లలకు ఏదో చెప్పింది కూడా. ఆ చిత్రంలో గుర్రాలు ఎన్ని ఉన్నాయో ఇప్పటికీ చెప్పగలను. పదకొండు. యుద్ధం ఎవరిదో అడగవద్దు.

ఇలాంటి జనాన్ని చూసి నవ్వుకోవద్దు, దీనికి చరిత్రలో పెద్ద దాఖలాయే ఉంది. 1911 ఆగస్టులో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం నుంచి మోనాలిసా చిత్రాన్ని దొంగ ఎత్తుకుపోయాడు. మిగిలింది ఖాళీ గోడ. ఆ ఖాళీ గోడను చూడటానికి జనం వరస కట్టారు. చిత్రం 1913 డిసెంబరులో గానీ దొరకలేదు. 77 సెంటీమీటర్ల పొడవు, 53 సెంటీమీటర్ల వెడల్పున్న ఆ బొమ్మను ఇప్పుడు జనం తలల మీదుగా, ఎత్తిపట్టిన ఫోన్ల సందుల్లోంచి చూడవలసి వస్తుంది కనుక, నా లెక్క ప్రకారం ఖాళీ గోడ చూసినవాళ్లే అదృష్టవంతులు. వాళ్లకు గోడైనా పూర్తిగా కనిపించి ఉంటుంది.

ఫోటో అంటే మీరు జ్ఞాపకం అనుకుంటున్నారేమో. కాదు, పని చేసినట్టు రుజువు. రాత్రి పదిన్నరకు హోటలు గదిలో అక్కయ్య అందరి ఫోన్లూ తీసుకుని, పట్టికతో సరిచూసింది. "కోట దగ్గర అందరివీ ఉన్నాయి, నీది లేదు" అంది నాతో. కోటకు వచ్చానని, రెండు వందల పైచిలుకు మెట్లు ఎక్కానని, సాక్షులున్నారని మొరపెట్టుకున్నాను. బావగారు సాక్ష్యం చెప్పబోయి, అక్కయ్య వైపు చూసి, దగ్గి ఊరుకున్నారు. మర్నాడు పొద్దున 7.30కు మళ్లీ కోట.

ఇక పడక. కుటుంబంతో వెళ్లినప్పుడు నాలాంటివాడికి దక్కేది ఎక్స్‌ట్రా బెడ్. రాత్రి తొమ్మిదికి ఒక కుర్రవాడు దాన్ని మడతపెట్టిన స్థితిలో తోసుకొస్తాడు. విప్పాక కూడా అది మడత సంగతి మరిచిపోదు. సరిగ్గా నడుము కింద ఒక ఇనుప కమ్మీ ఉంటుంది. హోటలు దిండ్లన్నీ పెద్ద మంచం మీదే ఉండిపోతాయి కాబట్టి, తువ్వాలు చుట్టి తల కింద పెట్టుకోవాలి. ఆ తువ్వాలు పక్కనే "భూగోళాన్ని కాపాడండి, తువ్వాలును మళ్లీ వాడండి" అన్న కార్డు ఉంటుంది. వాడుతూనే ఉన్నాను, ఇంకేం చేయను?

గది తాళపు కార్డు వల్ల జరిగిన అవమానం కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1970ల్లో నార్వే దేశస్థుడు టోర్ సోర్నెస్ రంధ్రాలు పొడిచిన ప్లాస్టిక్ కార్డుతో తెరుచుకునే తాళం కనిపెట్టాడు. మహా ఉపకారం. ఆ తర్వాత ఏ మహానుభావుడికి తట్టిందో, ఆ కార్డును తలుపు పక్కన గూట్లో దూర్చితేనే గదిలో కరెంటు వచ్చే ఏర్పాటు వచ్చింది. నా వంతు స్నానంలో నాలుగో నిమిషాన, ఒంటి నిండా సబ్బుతో ఉండగా, ఫలహారానికి బయలుదేరిన బావగారు జాగ్రత్తగా ఆ కార్డు తీసి జేబులో వేసుకున్నారు. మిగిలిన మూడు నిమిషాలు నేను కటిక చీకట్లో కుళాయితో సంప్రదింపులు జరిపాను.

ఇప్పుడు ఇదే ఊరికి, దాదాపు ఇలాంటి హోటలుకే, ఆఫీసు పని మీద వెళ్లిన మనిషిని చూడండి. అతడికి రెండు కార్డులు ఇస్తారు. ఒకటి గూట్లో శాశ్వతంగా కాపురం ఉంటుంది. ఒక్క తలకు ఆరు దిండ్లు. నాలుగు దిండ్ల పని ఏమిటో ఇంతవరకూ తేలలేదు కానీ, వాటిని ఒక్కొక్కటే కుర్చీలోకి విసరడంలో ఒక అధికారపు రుచి ఉంది. దుప్పటి అంచులు పరుపు కిందికి బిగించి దోపి ఉంటారు. కాళ్లతో తన్ని, ఆ బిగువు వదిలించుకుని, ముసుగు తన్నితే పొద్దున ఎనిమిదికి ఫోను మోగేదాకా లోకం ఏమైపోయినా మనకు సంబంధం లేదు. పడుకునే ముందు అన్ని దీపాలూ ఆర్పినా ఎక్కడో ఒక చిన్న దీపం మాత్రం ఆరదు. దాని స్విచ్చు గదిలోనే ఎక్కడో ఉంటుంది కానీ అది మనిషి కంట పడేది గది ఖాళీ చేసే రోజునే. ఈ ఒక్క కష్టం అధికారికంగా భరించవచ్చు.

అన్నిటికీ మించి, అతణ్ని ఊరు చూడమని ఎవరూ బలవంతపెట్టరు. చూస్తేనే తప్పు. పది నుంచి అయిదు దాకా చల్లటి హాల్లో, మెత్తటి కుర్చీలో, ఎవరో తెర మీద చూపించే గీతల వైపు గంభీరంగా చూస్తే చాలు. గంటకోసారి టీ వస్తుంది. మ్యూజియంలో గంటకోసారి టీ ఇచ్చే దేశం ఏదైనా ఉంటే చెప్పండి, అక్కడ రెండో మ్యూజియానికీ వస్తాను.

అసలు ఈ రెండు రకాల ప్రయాణాలూ మొదట్లో ఒకటే. 1841 జూలై 5న ఇంగ్లండులో థామస్ కుక్ దాదాపు 500 మందిని, మనిషికి ఒక షిల్లింగు చొప్పున, లెస్టర్ నుంచి లాఫ్‌బరోకు రైలులో తీసుకెళ్లాడు. ప్యాకేజీ టూర్ల వ్యాపారం అక్కడే మొలకెత్తిందని చెబుతారు. వాళ్లు వెళ్లింది కోటకూ కాదు, జలపాతానికీ కాదు. మద్యపాన వ్యతిరేక సభకు. అంటే విహారయాత్రకు మూలపురుషుడు మీటింగే. ఆ వంశంలో పుట్టిన నేటి హోటలు గదిలో మంచం పక్కనే మినీబార్ పెట్టారంటే, పెద్దల ఆశయాలను పిల్లలు ఎంతవరకు నిలబెడతారో తెలుస్తూనే ఉంది.

హోటళ్ల లెక్క కూడా ఒకసారి ఆడిట్ కావలసిందే. మధ్యాహ్నం రెండింటికి చెక్ ఇన్, మర్నాడు పదకొండింటికి చెక్ అవుట్. ఒక రోజు అద్దె తీసుకుని ఇచ్చేది 21 గంటలు. భూమికి తన చుట్టూ తాను తిరగడానికి దాదాపు 24 గంటలు పడుతుంది కానీ, ఈ వ్యాపారంలో అంత తీరిక ఎవరికీ లేదు. ఈ మాట అక్కయ్యతో అంటే, "పోయిన మూడు గంటల్లో గుడి చూశాం కదా" అంది. ఆమె పట్టికలో మూడు గంటలు పోవడమన్నది ఉండదు.

అందుకని ప్రభుత్వాలకు నా విన్నపం. విహారయాత్రికుడి పనిదినాన్ని 8 గంటలకు పరిమితం చేయాలి. రెండో మ్యూజియానికి ఓవర్‌టైం ఇవ్వాలి. మూడో మ్యూజియాన్ని క్రూరత్వ నిరోధక చట్టాల కిందికి తేవాలి. వారంలో ఒక రోజు ఎవరూ ఏమీ చూడకూడదు. చూస్తూ పట్టుబడితే చూపించినవారికే జరిమానా. ఎత్తైన ప్రతి గోపురం అడుగునా ఒక కార్మిక తనిఖీ అధికారిని కూర్చోబెట్టి, పైకి వెళ్లేవాడు ఇష్టపడి వెళుతున్నాడా, అక్కయ్యతో వచ్చాడా అని విచారించాలి.

కుదరదంటారా? ఇటలీలో పీసా గోపురానికి కుదిరింది. 1173లో కట్టడం మొదలై, అది పూర్తికాకముందే ఒరిగే ఉద్యోగంలో చేరిన ఆ గోపురం బాగా అలసిపోయిందని 1990 జనవరిలో దానికి సెలవిచ్చారు. 2001 డిసెంబరు దాకా సందర్శకులు లేరు, మెట్లెక్కే పాదాలు లేవు. ఇంజనీర్లు ఒక పక్క పునాది కిందినుంచి మట్టి తీసి, దాదాపు అయిదున్నర డిగ్రీలున్న వంపును నాలుగు డిగ్రీల దగ్గరికి తెచ్చారు. అక్కడితో ఆపేశారు. పూర్తిగా నిటారుగా నిలబెడితే ఉద్యోగం పోతుందని వాళ్లకూ తెలుసు. రాళ్ల గుట్టకు దాదాపు పన్నెండేళ్లు సెలవు దొరికినప్పుడు, నడుము కింద కమ్మీతో నాలుగు రాత్రులు గడిపిన నాకు ఒక పూట దొరకకూడదా? మోకాళ్లు అప్పటికే దాదాపు ఆ కోణానికే వచ్చాయి.

సోమవారం ఆఫీసుకు వెళ్లాను. పదకొండింటి మీటింగులో, ఆ చల్లటి హాల్లో, కళ్లు తెరిచే నిద్రపోయానట. మా అధికారి తట్టి లేపి, "సెలవు బాగా గడిచినట్టుందే, మొహం కళకళలాడుతోంది" అన్నారు. ఆ కళ నిద్రదని చెప్పలేదు. అదే ఊపులో, వచ్చే నెల ఆ ఊరి బ్రాంచికి ఎవరైనా వెళ్లాలంటే నేనే చెయ్యెత్తాను. మూడు రోజులు, ఆరు దిండ్లు.

ఈ సంగతి ఇంట్లో చెప్పడం బుద్ధితక్కువ పని. సాయంత్రానికల్లా అక్కయ్య ఫోను.

"ఒరే తమ్ముడూ, మళ్లీ ఆ ఊరే వెళుతున్నావట కదా. మొన్న పదకొండు చోట్లు చూడకుండా వదిలేశాం. మీటింగు అయిదింటికి అయిపోతుంది, చీకటి పడేది ఏడింటికి. పట్టిక పంపాను, చూసుకో."

చూసుకున్నాను. మూడు రోజులకూ గడులు గీసి ఉన్నాయి. రెండో రోజు 6.35 దగ్గర ఆకుపచ్చ రంగు వేసి, "విశ్రాంతి, 5 నిమిషాలు (టాక్సీలో)" అని రాసింది. కింద ఎర్ర అక్షరాలతో ఒక గమనిక: కోట ముందు ఫోటోలో కళ్లు మూసుకున్నావు, మళ్లీ తీయించుకో.