ఎంత కౌంట్ వచ్చాడు?

రొయ్యల సాగులో నష్టాలు పడి పడి నేర్చుకున్న శాస్త్రాన్ని మన నెల్లూరు పిల్లల చదువులకు ఎంత చక్కగా వాడుతున్నారో ఎవరూ గుర్తించడం లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ఇందుకూరుపేట దగ్గర మా బావకు నాలుగు రొయ్యల గుంటలున్నాయి. వనామీ రకం రొయ్య పిల్ల చదరపు మీటరుకు 60కి మించి వేయకూడదని నిబంధన. మావాడి హాస్టల్లో ఇంకా అంత ఇరుకు రాలేదు, గదికి పది మందే. సీడ్ (అంటే పిల్ల) మాత్రం ముందే దింపుతారు, ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ అని.

మేత వేసిన రెండు గంటలకు బావ చెక్ ట్రే ఎత్తి చూస్తాడు. క్యాంపస్‌లో దాన్నే వీకెండ్ టెస్ట్ అంటారు. ట్రేలో మేత మిగిలితే బావ మర్నాడు తగ్గిస్తాడు. అక్కడే ఆయన వెనకబడ్డాడు. క్యాంపస్‌లో మిగిలితే రెట్టింపు చేస్తారు, రాత్రి పదకొండు దాకా ఎక్స్‌ట్రా స్టడీ అవర్!

2009లో వనామీకి అనుమతి వచ్చాక టైగర్ రొయ్య మూలబడ్డట్టు, డాక్టరు చదువుకు ఎంసెట్ పోయి నీట్ వచ్చింది. ఎంసెట్‌లో తప్పు పెట్టినా పోయేదేం లేదు. నీట్‌లో 180 నిమిషాలకు 180 బిట్లు, రైటుకు 4, తప్పుకు మైనస్ 1. అందుకే మావాడు సెలవుకొచ్చినప్పుడు వాళ్లమ్మ "చేపల పులుసు వెయ్యనా, పప్పు వెయ్యనా?" అంటే "మిగతా రెండు ఆప్షన్లేంటి?" అన్నాడు. (రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో చదువు రొట్టె కూడా పట్టించాం. ఈ మొత్తంలో ఫీజు లేనిది అదొక్కటే.)

ఇక కౌంట్. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. నూరు కౌంట్ కన్నా ముప్పై కౌంట్‌కే రేటు. ర్యాంకూ అంతే, అంకె తగ్గే కొద్దీ సరుకు గొప్పది. ఫలితాలొచ్చిన రోజు బావ ఫోన్ చేశాడు.

"ఏం బామ్మర్దీ, అల్లుడు ఎంత కౌంట్ వచ్చాడు?"

"లక్షన్నర."

అవతల కాసేపు మాట లేదు. "సరేలే. పట్టుబడి అయినాక గుంట ఎండబెట్టాల. నేల పగిలేదాకా ఎండకుండా మళ్లీ సీడ్ వదిల్తే రోగం పట్టుకుంటాది. పిలగాణ్ణి ఓ నెల మా ఇంటికి పంపు, తిని పడుకుంటాడు."

పాపం, బావకు చదువుల సంగతి తెలియదు. లాంగ్‌టర్మ్ బ్యాచ్ సోమవారమే మొదలు. ట్రంకు పెట్టె అప్పటికే ఆటో ఎక్కింది. మావాడు దాని మీదే తల వాల్చి నిద్రపోతున్నాడు.