నడిచేవాళ్లు లేని ఊరా మనది?

మా వీధిలో షార్ట్ ఫిల్మ్ వేసి ఫుట్‌పాత్‌ల గురించి మాట్లాడుకున్నామని తెలిసి ఎవరో రాసిన మెసేజ్ ఒకటి వారం నుంచి నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. “ఈ ఊళ్లో నడిచేవాడెవడు? ఎండకి మాడిపోతారు. బండ్లు పెట్టుకోనివ్వకపోతే షాపులు మూసుకోవాలి. ఇవన్నీ ఫారిన్ షోకులు. అయినా ఐదు నిమిషాల సినిమాతో రోడ్డు బాగుపడుద్దా?” అన్నది దాని సారాంశం.

నడిచేవాడెవడని అడిగినాయన పొద్దున పదకొండుకి ఆస్పత్రులుండే పొగతోట వెళ్లి చూడాలి. పల్లెల నుంచి బస్సు దిగి, స్కానింగ్ కవరు చంకన పెట్టుకుని ఆస్పత్రి వెతుక్కునేవాళ్లంతా ఎవరు మరి? మా ఫిల్మ్‌లో ఉన్నది మా అమ్మ, మా ఆవిడ. ఫోన్ మోకాలెత్తున పట్టుకుని వాళ్ల వెనకే నడిచాను. కాలవ మీద పలక విరిగిన చోట అమ్మ ఆగింది. చెప్పులు విప్పి చేత పట్టుకుని, కోడలి భుజం ఆసరాతో రోడ్డు మీదకు దిగింది. వెనకే ఆటో హారన్. అంతే, మాటల్లేవు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలైనవాళ్లు 1,68,491 మంది. అందులో 32,825 మంది నడిచివెళ్తున్నవాళ్లే.

ఎండంటారా, నిజమే. అయితే చెట్లు పెట్టమని అడగాలి గానీ నడవొద్దంటే ఎట్టా?

షాపుల సంగతి. పెళ్లి చీరలకు మనం పోయేది చెన్నై టీ నగర్‌కే కదా. అక్కడి పాండీ బజార్‌లో రోడ్డు తగ్గించి ఫుట్‌పాత్ పెంచింది 2019లో. అయినా సంచులు మోసుకొస్తూనే ఉన్నాం. మన ఊరి ట్రంకురోడ్డు వ్యాపారుల భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. పార్కింగ్‌కి వేరే చోటు చూపకుండా ఈ పని మొదలుపెడితే వాళ్లు తిట్టడం న్యాయమే.

ఫారిన్ షోకు అన్నమాటకి ఎక్కువ చెప్పను. అడ్డం లేని నడకదారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని రాసింది రోడ్లు ఎలా వేయాలో ప్రమాణాలు పెట్టే మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసే. అంటే జానెడు కూడా కాదు. మా వీధిలో అది మోకాలెత్తు.

ఇక సినిమా. సినిమా రోడ్డు వేయదు, ఆ మాట మేమూ అనలేదు. 1972లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డి పైప్ అనే ఇరుకు పేట పిల్లలు ఆడుకోవడానికి వీధి కావాలని అడుగుతుంటే డచ్ టీవీ చిత్రీకరించింది. అందులో కార్లవాళ్ల కోపం కూడా ఉంది. నాకు పనికొచ్చింది ఆ కోపమే: అవతలివాళ్ల మాట కూడా వినాలని నేర్పింది.

ఇదివరకు మా అసోసియేషన్ మీటింగుల్లో అందరం మున్సిపాలిటీని తిట్టి, టీ తాగి లేచేవాళ్లం. ఆ రాత్రి గోడకి దుప్పటి కట్టి ఫిల్మ్ వేస్తే, మధ్యలోనే ఫ్యాన్సీ షాపాయన లేచి, “ఆ అడ్డంగా ఉన్న బోర్డు నాదేనబ్బా” అన్నాడు. మర్నాడు లోపలికి జరిపాడు. టిఫిన్ బండామె ఊరుకోలేదు. “ఫుట్‌పాత్ పేరు చెప్పి నన్ను లేపేస్తారా? నా సినిమా కూడా తియ్యండి, అప్పుడు మాట్లాడదాం” అంది. పదిన్నర దాకా తెగలేదు.

పలక ఇంకా విరిగే ఉంది. ఆమె బండి దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి షూటింగ్ పెట్టుకున్నాం.